మసి పట్టించిన గుండిగ

ప్రమాది నామ సంవత్సర ఉగాది నాడు పొద్దున్నే వేంకటరమణ తలంటి పోసుకుని, ఉగాది పచ్చడి అరచేతిలో వేయించుకుని నాకి, దేవుడి గూట్లో దీపం వెలిగించి, ఒక తెల్లకాగితం పట్టుకుని పీట మీద కూర్చున్నాడు. నిడదవోలులో ఆ కాలవ గట్టు వీధిలో ప్రతి గుమ్మానికీ మామిడాకులు కడుతున్నారు. ఎవరింట్లోనో రేడియోలో పంచాంగశ్రవణం మొదలైంది. వేంకటరమణ మాత్రం లక్ష్యాలు రాస్తున్నాడు.

దీనికి కారణం అంతకు ముందు ఆదివారం రాజమండ్రిలో జరిగిన వ్యక్తిత్వ వికాసం క్లాసు. అలాంటి క్లాసులు అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తున్న రోజులవి. వేంకటరమణ హైస్కూల్లో గుమాస్తా, ఊళ్ళోవాళ్ళకి మాత్రం పంతులుగారే. హెడ్మాస్టరుగారికి వచ్చిన పాసు ఆయనకి ఖాళీ లేక ఇతనికి చేరింది. కల్యాణమంటపంలో, మార్చి ఎండలో, కోటు వేసుకున్న ఒకాయన చెమటలు కక్కుతూ, "మీరంతా ఇక్కడికి ఎలా వచ్చారో ఎప్పుడైనా ఆలోచించారా?" అని గంభీరంగా అడిగాడు. ముందు వరసలో పెద్దాయన లేచి, "ఏడింటి పాసింజరుకండి" అన్నాడు. అయినా కోటాయన తగ్గలేదు. లక్ష్యం పెద్దదై ఉండక్కర్లేదనీ, మనసుకి నచ్చినదై ఉండాలనీ, దానికి ఒక తారీఖు ఉండాలనీ, నలుగురికీ చెప్పుకుంటే తప్పించుకోలేమనీ చెప్పాడు. ఆ మాటలు వేంకటరమణకి బాగా పట్టాయి.

"ఈసారేంటి?" అంది భార్య నాగేశ్వరి, గారెల పిండి రుబ్బుతూ. "పోయినేడు యోగా అన్నారు. మూడో రోజుకి శవాసనం దాకా వచ్చి పడుకున్నారు. ఇంకా లేవలేదు."

"దానికి తారీఖు పెట్టుకోలేదే. అందుకే పోయింది. ఇది విను." అతను కాగితం చదివాడు. "ఒకటి. శ్రీరామనవమిలోపు అటక మీది ఇత్తడి సామానంతా నా చేత్తో, బజారులో పొడి కొనకుండా, ఇంట్లో ఉన్నవాటితోనే తోమడం. రెండు. ఈ తొమ్మిది రోజులూ అబద్ధం ఆడకపోవడం."

నాగేశ్వరి పొత్రం ఆపింది. "మొదటిది నడుం విరగ్గొడుతుంది. రెండోది కొంప ముంచుతుంది."

అతను నవ్వి, కాగితాన్ని అన్నం మెతుకులతో దేవుడి గూటి పక్కన అంటించాడు. దాని పైనే అతని తల్లి మాణిక్యాంబగారి ఫోటో ఉంది. ఆవిడ పోయి నాలుగేళ్ళు. అసలు ఆ మొదటి లక్ష్యం ఆవిడ కోసమే రాసుకున్నాడు.

మాణిక్యాంబగారు బతికి ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లోకి తోముడు పొడి పొట్లం రాలేదు. చారుకి పిండిన చింతపండు పిప్పి ఆవిడ పారేసేది కాదు, ఒక పిడతలో దాచేది. ఊరగాయకి పిండిన నిమ్మడిప్పలు ఉప్పులో వేసి ఉంచేది. పొయ్యి బూడిద జల్లించి డబ్బాకెత్తేది. ఒక చేత్తో కొబ్బరి పీచు, ఇంకో చేత్తో పిప్పి పట్టుకుని నూతి చప్టా మీద కూర్చుందంటే గంటలో ఆ చప్టా బంగారుకొట్టులా ఉండేది. పండగ ముందురోజు కుంకుడురసంతో గచ్చు కడిగితే ఆ వాసన మూడు రోజులు ఇంట్లో తిరిగేది. ఆవిడ పోయాక ఆ సామానంతా అటకెక్కింది. వంటింట్లోకి స్టీలు వచ్చింది. స్టీలు శుభ్రంగానే ఉంటుంది కానీ, తోమినవాళ్ళు ఎవరో దానికి గుర్తుండదు.

ఆవిడ గురించి ఇంకొక సంగతి కూడా ఆ వీధికి తెలుసు. అది గుండిగ సంగతి.

ఇరవై రెండేళ్ళ కిందట వేంకటరమణ చెల్లెలి పెళ్ళికి మాణిక్యాంబగారు గోడ అవతలి అప్పాయమ్మగారి దగ్గర పెద్ద ఇత్తడి గుండిగ అడిగి తెచ్చింది. అలాంటిదే తమదీ ఒకటుంది. రెండిట్లోనూ మూడు రోజులు అన్నాలు వండారు. పెళ్ళయ్యాక అప్పాయమ్మగారు, "మా గుండిగేదీ?" అంది. "నా చేత్తో నేనే తెచ్చి మీ దొడ్లో పెట్టాను" అంది మాణిక్యాంబగారు. వాళ్ళు ఇల్లంతా వెతికారు. లేదు. మాటకి మాట పెరిగింది. ఆ ఏడు నవమి పందిట్లో మాణిక్యాంబగారు సీతారాముల పటం ముందు కర్పూరం వెలిగించి, "నేను తిరిగివ్వలేదంటే నా కళ్ళు పోతాయి" అని ప్రమాణం చేసింది. అరవై దాటాక ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి. శుక్లాలు అందరికీ వస్తాయి. ఆ వీధిలో మాత్రం ఆవిడకి గుండిగ వల్ల వచ్చాయన్నారు.

అప్పట్నుంచీ రెండిళ్ళకీ మాటల్లేవు. అప్పాయమ్మగారి కొడుకు శశిభూషణ్, వేంకటరమణ చిన్నప్పుడు కాలవలో కలిసి ఈతకొట్టినవాళ్ళు. శశిభూషణ్ స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా అయ్యాడు. కిటికీ వెనకాల అతను కనబడితే వేంకటరమణ వరసలోంచి బయటికొచ్చి, తర్వాత రైలుకి వెళ్ళేవాడు. ఏదైనా చెప్పుకోక తప్పనప్పుడు రెండిళ్ళలోనూ పనిచేసే లోవలక్ష్మి ద్వారా చెప్పుకునేవాళ్ళు. లోవలక్ష్మి చెప్పిన మాటల్లో ఒక్కటి జారనిచ్చేది కాదు. పైగా కొసరు వేసేది.

ఉగాది సాయంత్రం రాములవారి పందిరి దగ్గర నవమి కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు రైసుమిల్లు పాపారాజుగారు. సెక్రటరీ శశిభూషణ్. నవమి నాటి అన్నసమారాధనకి పెద్ద పాత్రలు చాలవని తేలింది. తణుకులో అద్దె సామాను పెళ్ళిళ్ళవాళ్ళు ఎత్తుకుపోయారు.

వేంకటరమణ లేచాడు. "మా అమ్మ గుండిగ ఉందండి. నేను తోమి ఇస్తాను."

శశిభూషణ్ పందిరి రాటకేసి చూస్తూ అన్నాడు. "రాజుగారండీ, గుండిగల విషయంలో ఆ ఇంటి సంగతి ఊరందరికీ తెలుసు. ఎవరి గుండిగ ఇస్తారో అడగండి."

వేంకటరమణ రెండో రాటకేసి తిరిగాడు. "రాజుగారండీ, మా అమ్మ పేరు దాని అంచున చెక్కించి ఉంటుందని చెప్పండి. అద్దంలా తోమి తెస్తాను. ఊరంతా చదువుకోవచ్చు."

"అయితే పోయింది పోగా మా ఇంట్లోనూ ఇంకో గుండిగుంది. అదీ తోమించి తెస్తానని చెప్పండి."

పాపారాజుగారు ఇద్దరి మధ్యా ఉన్న రెండడుగుల ఖాళీని చూసి, "ఇద్దరూ విన్నారు గదండి, ఇంక నేనేం చెప్పేదండి" అని తాంబూలం వేసుకున్నారు.

మర్నాటి నుంచి వేంకటరమణ తోమడం మొదలెట్టాడు. స్కూలు నుంచి రాగానే లుంగీ ఎగ్గట్టి చప్టా మీద కూర్చునేవాడు. మొదటి రోజు చెంబులు, పంచపాత్ర, హారతి పళ్ళెం. రెండో రోజు కుందులు. చింతపండులో ఉప్పు కలిపి రుద్దితే నల్లటి కుందిలోంచి పసుపురంగు తొంగి చూసినప్పుడల్లా, "నాగూ, ఇటు రా!" అని కేకేసేవాడు. ఆవిడ రెండుసార్లు వచ్చింది. మూడోసారి, "చూశానండీ, ఇత్తడే" అని లోపల్నుంచే అంది. లోవలక్ష్మి మాత్రం నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, "అయ్యగారండీ, పీచు అలా పట్టుకోకూడదండి. వేళ్ళు పోతాయండి" అని పాఠాలు చెప్పేది.

రెండో లక్ష్యం కూడా నడుస్తోంది. "రిజిస్టరు పూర్తయిందా?" అని హెడ్మాస్టరుగారు అడిగితే, "మొదలెట్టలేదండి" అన్నాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "కూరెలా ఉంది?" అని నాగేశ్వరి అడిగితే, "నిన్నటిది బాగుంది" అన్నాడు. మర్నాటి నుంచి ఆవిడ అడగడం మానేసింది.

అయిదో రోజు గుండిగ దిగింది. దాన్ని దింపడానికి ఇద్దరు పట్టారు. ఆ గొడవయ్యాక అమ్మ దాన్ని ముట్టుకోలేదు, తోమకుండానే అటకెక్కించేసింది. ఇరవై రెండేళ్ళ మసి, దాని మీద చిలుము, లోపల పాత లాంతర్లు రెండు, ఒక విరిగిన కవ్వం. సాయంత్రం నాలుగింటికి అంచు దగ్గర మొదలెట్టాడు. అమ్మ పేరు తన చేత్తో బయటికి తీయాలని ఆశ. చింతపండు పట్టించి, కాసేపాగి, పీచుతో రుద్దాడు. ఒక అక్షరం కనబడింది.

అది 'అ'.

అమ్మ పేరు ముందు ఊరి పేరేదైనా చెక్కించారేమో అనుకున్నాడు. ఇంకాస్త చింతపండు వేశాడు. 'ప్పా' వచ్చింది. అతని చెయ్యి నెమ్మదించింది. వద్దనుకుంటూనే రుద్దాడు. 'య' వచ్చింది. ఇంక రుద్దకుండా ఉంటే మిగతాది మారుతుందేమో అన్నట్టు కాసేపు ఊరికే కూర్చున్నాడు. చివరికి చెంబుడు నీళ్ళు పోశాడు. పడమటి ఎండలో ఆ అంచు ధగధగా మెరిసింది.

'అప్పాయమ్మ, 1948.'

తలుపు సందులోంచి అమ్మ ఫోటో కనబడుతోంది. కర్పూరం ముందు చెయ్యి పెట్టి చెప్పిన మాట. తర్వాత కాటరాక్టు కళ్ళజోడు పెట్టుకుని, గోడ తడుముకుంటూ గుడికెళ్ళిన మనిషి. వెనకాల ఎవరేమన్నా, "రాముడికి తెలుసులే" అనేది. రాముడికి తెలిసింది ఇదేనా?

నాగేశ్వరి వచ్చి అంచు చదివింది. "ఇచ్చేద్దామండీ" అంది.

"ఇస్తే అమ్మ మాట ఏమవుతుంది?"

"ఇవ్వకపోతే మీ మాట ఏమవుతుంది? ఊరంతా చదువుకోవచ్చని పందిట్లో చెప్పొచ్చారు."

అతను లోపలికెళ్ళి గూటి పక్కన కాగితాన్ని రెండుసార్లు చదివి వచ్చాడు. "అబద్ధం ఆడనని రాశాను. మసి పట్టించనని రాయలేదు."

"దేవుడేమన్నా మీ ఆఫీసు గుమాస్తానా, కాగితం మీదున్నది మాత్రమే చూడ్డానికి?"

అబద్ధం చెప్పకూడదు కనక అతను దొడ్లోకి వెళ్ళి ఇటుకలు వెతకడం మొదలెట్టాడు.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి, దొడ్లో మూడు ఇటుకలు పేర్చి, గుండిగ అంచుకి ఆముదం రాసి, బోర్లించి, కింద పచ్చి కొబ్బరి డొక్కలు వేసి అంటించాడు. పచ్చి డొక్కలు మండవు, పొగుస్తాయి. అతనికి కావలసిందీ పొగే. ఆ పొగ గోడ దాటి పక్కింట్లోకి వెళ్ళింది. పక్కింటి దగ్గు గోడ దాటి ఇటొచ్చింది. దాని వెనకాల లోవలక్ష్మి వచ్చింది.

"అయ్యగారండీ, శశిబాబుగారు అడిగి రమ్మన్నారండి. ఏంటా పొగ అని."

"గుండిగకి మసి పట్టిస్తున్నానని చెప్పు."

"నిన్ననే కదండీ తోమారు?"

"తోమాను."

"మరి మళ్ళీ ఎందుకండీ?"

వేంకటరమణ ఊపిరి పీల్చుకున్నాడు. పొగ లోపలికెళ్ళి దగ్గొచ్చింది. "కింద ఉన్నది పైకి కనబడకూడదని."

లోవలక్ష్మి అతన్ని చూసింది, గుండిగని చూసింది. "ఆయ్. అలాగే చెప్తానండి."

చెప్పింది. గోడ అవతల చెప్పింది, నూతి దగ్గర చెప్పింది, పాల కేంద్రం దగ్గర చెప్పింది. రైసుమిల్లు చేరేసరికి ఆ మాట బాగా ఎదిగింది. నవమి వంటలకి పాత్రలు ముందు తోమి, తర్వాత ఆముదంతో పొగ పట్టించాలనీ, ఈ పద్ధతి పంతులుగారికి రాజమండ్రి క్లాసులో నేర్పారనీ అయింది. పన్నెండింటికల్లా పాపారాజుగారు గొడుగు వేసుకుని స్వయంగా వచ్చారు.

"పంతులుగారండీ, ఏదో శుద్ధి చేస్తున్నారంట గదండి."

"శుద్ధి కాదండి రాజుగారూ. మసి."

"మరేనండి. మసి ఎందుకండి?"

తప్పించుకునే దారి లేదు. "దాని మీద పేరుందండి. అది నలుగురి కళ్ళా పడకూడదని."

పాపారాజుగారు గొడుగు మూశారు. కళ్ళు కూడా మూశారు. "పంతులుగారండీ, మొన్న పందిట్లో మీరు అమ్మగారి పేరు ఊరంతా చదవాలన్నారు. వారం తిరక్కుండానే ఎంత మారారండి! నేను పోయినేడు గుడికి ట్యూబులైటు ఇచ్చానండి. దాని మీద నా పేరు ఎంత పెద్దగా రాయించానంటే, ఇంక వెలుతురు రావడానికి చోటు లేదండి. మీరు కన్నతల్లి పేరుకే మసి రాస్తున్నారు, దేవుడి ముందు!"

"అయ్యో, అది కాదండి. నా స్వార్థం కోసం చేస్తున్నానండి."

"స్వార్థమని ఒప్పుకునేవాడెవడండీ ఈ రోజుల్లో! అదే వినయం." ఆయన కండువా తీసి కళ్ళు ఒత్తుకున్నారు. "నాకింకేం చెప్పకండి."

వేంకటరమణ చెప్పబోయాడు. ఆయన వినలేదు. ఆ మధ్యాహ్నమే కమిటీ మాటగా వీధంతా చాటించారు. ఈ ఏడు సమారాధనలో ఏ పాత్ర మీదా ఎవరి పేరూ కనబడకూడదు. పేర్లున్న పాత్రలన్నీ పంతులుగారి దొడ్డికి చేర్చవలసింది.

ఆ రోజుల్లో పేరు లేని పాత్ర ఎక్కడుంది? పెళ్ళికి ఇచ్చినా, ఒడుగుకి ఇచ్చినా, గరిటె కాడ మీద కూడా పేరు కొట్టించేవారు. సాయంత్రానికి దొడ్లో పదిహేడు పాత్రలు చేరాయి. కాగులు, గంగాళాలు, అన్నం పళ్ళాలు, ఒకావిడైతే పూజ గంట కూడా పంపింది. ఆడవాళ్ళు వరసగా నిలబడి, "అన్నయ్యగారూ, మాది కాస్త ఎక్కువ పట్టించండి, మా అత్తగారి పేరు లోతుగా కొట్టించారు" అని చెప్పి వెళ్తున్నారు. కొబ్బరి డొక్కలు అయిపోయాయి. పాపారాజుగారు మిల్లు నుంచి బండెడు ఊక పంపారు.

వేంకటరమణ కళ్ళు ఎర్రబడ్డాయి. మొహం గుండిగ రంగులోకి వచ్చింది. ప్రతి మనిషికీ నిజమే చెప్పాడు. "ఇది నేను చేస్తున్న తప్పు" అన్నాడు. "ఎంత మాట!" అని దణ్ణం పెట్టారు. జీవితంలో ఏనాడూ అతను అన్ని నిజాలు చెప్పలేదు, అతన్ని అంతమంది అంతగా నమ్మనూ లేదు. నిజం చెప్పినా ఎదుటివాడికి అందకపోతే అది ఏ లెక్కలోకి వస్తుందో కోటాయన చెప్పలేదే అని బాధపడ్డాడు.

"ఈ పదిహేడూ నవమి వెళ్ళాక తోమేదెవరు?" అంది నాగేశ్వరి, మంచినీళ్ళ చెంబు అందిస్తూ. "లక్ష్యాల కాగితంలో చోటుందా?"

అష్టమి నాడు పొద్దున్న వీధి తలుపు చప్పుడైంది. తలుపు తీసిన నాగేశ్వరి అలాగే నిలబడిపోయింది. గుమ్మంలో అప్పాయమ్మగారు. ఎనభై ఏళ్ళ మనిషి, చేతికర్రతో. ఇరవై రెండేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదలు. ఆవిడ వెనకాల శశిభూషణ్, తడిపంచెతో, భుజం మీద పాత చీరలో మూటకట్టిన పెద్ద పాత్రతో, ఎటు చూడాలో తెలియక పైకప్పుకేసి చూస్తున్నాడు.

"మడితో తెమ్మన్నాను, మూట విప్పొద్దన్నాను" అంది అప్పాయమ్మగారు. "రమణేడీ?"

వేంకటరమణ మసి చేతులు వెనక్కి పెట్టుకుని దొడ్లోంచి వచ్చాడు. ఆవిణ్ణి చూసేసరికి అంతా తెలిసిపోయిందనుకున్నాడు. "రండి పిన్నిగారూ" అన్నాడు. ఆ పిలుపు నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"కూర్చోను నాయనా. నువ్వు మసి పట్టిస్తే కింద ఉన్నది పైకి కనబడదటగా. లోవలక్ష్మి చెప్పింది. మావాడు పందిట్లో పంతం పట్టి, మా గుండిగ తోమించి తెస్తానన్నాడట. నువ్వు తోమకు. నల్లగా చేసిపెట్టు. బాగా, మందంగా."

"అమ్మా, మనకెందుకే ఇదంతా?" అన్నాడు శశిభూషణ్ పైకప్పుతో.

"నువ్వు దింపి అవతలికి పో."

శశిభూషణ్ దింపాడు కానీ పోలేదు. తడిముడి జారిందో, ఇరవై రెండేళ్ళు ఓపికపట్టి జారిందో, చీర ఒక పక్కకి ఒరిగింది. లోపల గుండిగ నల్లగా లేదు. కాస్త మాసింది కానీ తోమిన గుండిగే. అంచు మీద అక్షరాలు గుమ్మం దగ్గరికే కనబడుతున్నాయి.

'మాణిక్యాంబ, 1951.'

దొడ్లో ఊక చిటపటలాడుతోంది.

అప్పాయమ్మగారు కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుంది. "మీ అమ్మ నిజమే చెప్పిందిరా రమణా. తెచ్చి మా దొడ్లోనే పెట్టింది. నేను శివరాత్రికి పట్టిసీమ వెళ్ళాను. పాలేరు చూసి, మసిబట్టిన గిన్నె కదా అని పశువులకి కుడితి పోశాడు. పదేళ్ళు నా కళ్ళముందే అందులో గేదెలు కుడితి తాగాయి. నేను వంటింట్లో వెతికాను, అటక మీద వెతికాను, మీ అమ్మ మనసులో వెతికాను. కుడితిగోళెంలో వెతకలేదు. గేదెల్ని అమ్మేశాక ఒకనాడు తోమించాను. పేరు చూస్తే మాది కూడా కాదు, మీది."

"అప్పుడే చెప్పకపోయావా?" అన్నాడు శశిభూషణ్. ఈసారి పైకప్పుతో కాదు.

"ఏమని చెప్పనురా? దొంగతనం కట్టినదాని సొత్తే నా ఇంట్లో ఉంది. అదీ కుడితి పోసి. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకున్నాను. గోడ అవతల తడుముకుంటూ నడిచే చప్పుడు వినబడేది. ఒకరోజు ఆ చప్పుడు కూడా వినబడలేదు." ఆవిడ గోడ మీది ఫోటోకేసి చూసింది. "చెప్పాల్సిన మనిషి వెళ్ళిపోయింది. ఇంక మసి తప్ప నాకేం మిగిలింది?"

వేంకటరమణ దొడ్లోకి వెళ్ళాడు. బోర్లించిన గుండిగని దొర్లించుకుంటూ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. పై పంచె చెంగుతో అంచు మీది మసి తుడిచాడు. ఆముదం మీద పట్టిన మసి సులువుగా వచ్చేసింది. అప్పాయమ్మగారు వంగి, మూడో తరగతి చదువుతో, ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి తన పేరు తనే చదువుకుంది.

"పెళ్ళి హడావుడిలో తోమే తీరిక లేక రెండూ మసిగొట్టుకుని ఒకేలా ఉండి ఉంటాయండి పిన్నిగారూ. అమ్మకి అక్షరాలు రావు. మీదనుకుని మాది ఇచ్చేసింది" అన్నాడు వేంకటరమణ. అమ్మ ప్రమాణంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు, అక్షరాలు రాకపోయినా. ఆ మాట తలుచుకునేసరికి అతనికి ఏడుపు వచ్చింది. పొగ వల్ల అనుకోమని వదిలేశాడు.

"మరి నువ్వెందుకు మసి పూశావురా?" అంది ఆవిడ.

"మీరెందుకు తెచ్చారో అందుకేనండి."

అప్పాయమ్మగారికి ముందు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది. రెండూ కలిసి పొలమారితే నాగేశ్వరి వీపు నిమిరింది. శశిభూషణ్ తడిపంచె నీళ్ళు కారుతుంటే నిలబడి, చివరికి, "ఒరేయ్ రమణా, నీ మొహం కడుక్కోరా. చూడలేకపోతున్నాను" అన్నాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత మధ్యలో ఎవరూ లేకుండా అన్న మొదటి మాట అది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ చప్టా మీద ఎదురెదురుగా కూర్చుని, ఎవరి తల్లి గుండిగ వాళ్ళు తోమారు. పిడతలో చింతపండు పిప్పంతా అయిపోయింది. రాత్రి చారుకి దాచిన కొత్త చింతపండు కూడా నాగేశ్వరి ఇచ్చేసింది. లోవలక్ష్మి గుమ్మంలో కూలబడి, "ఇంక మీరూ మీరూ మాట్లాడేసుకుంటే నాకేం మిగిలిందండీ" అని బాధపడింది. పాపారాజుగారికి ఇద్దరూ వెళ్ళి జరిగిందంతా చెప్పారు. ఆయన శ్రద్ధగా విని, "పంతులుగారండీ, తప్పంతా మీ మీదేసుకుని రెండిళ్ళూ కలిపారు" అని మళ్ళీ కళ్ళు ఒత్తుకున్నారు. ఇంక ఆయన్ని వదిలేశారు.

నవమి నాడు పందిట్లో పదిహేడు నల్లటి పాత్రల మధ్య రెండు గుండిగలు సూర్యుడూ చంద్రుడూలా మెరిశాయి. అప్పాయమ్మగారు కల్యాణం అయ్యాక సీతారాముల ముందు కర్పూరం వెలిగించి, మైకు అక్కర్లేకుండానే, "మాణిక్యాంబ నా గుండిగ తిరిగి ఇచ్చింది. విన్నారా?" అంది. అందరూ విన్నారు. సగంమందికి అర్థం కాలేదు కానీ, పెద్దావిడ అంది కనక రామనామం అందుకున్నారు. వేంకటరమణ ఇంటికొచ్చి, కాగితం మీద రెండు లక్ష్యాలకీ ఎదురుగా టిక్కు పెట్టి, రెండోదాని టిక్కుని కాసేపు చూసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం కూడా పెట్టాడు.

ఆ రెండు గుండిగల్లోనూ అయిదు వాయిల అన్నం వండారు. సరుగుడు కట్టెల మంట. సాయంత్రానికి అంచుల దాకా మసి పట్టి, ఏది ఏదో పోల్చుకోలేనట్టు తయారయ్యాయి. కమిటీ రిక్షా వచ్చి, గోడకి ఇటొకటి, అటొకటి దింపి పోయింది.

"ఏది మనదో చూడొద్దూ?" అంది నాగేశ్వరి.

మర్నాడు పొద్దున్న లోవలక్ష్మి నూతి దగ్గర నిలబడి, "గుండిగ తోమడానికి చింతపండు నానబెట్టనా అండీ?" అని రెండిళ్ళకీ వినబడేలా అడిగింది. గోడకి ఇటునుంచి వేంకటరమణ, అటునుంచి అప్పాయమ్మగారు ఒక్కసారే, "వద్దు!" అన్నారు.

శుభ్రానికి ఆ వీధిలో పేరుపడ్డ ఇళ్ళు అవే రెండు. ఆ రెండిళ్ళ గుండిగలు మాత్రం ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి.